కెర్నల్‌ని మామూలు ప్రోగ్రాములా ప్యాకేజీ చేస్తే

"అక్కా, ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయింది కానీ లైనక్స్ లేవట్లేదు."

మా టెస్టింగ్ టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి పంపిన మెసేజ్ ఇది. ప్యాకేజీ నాది: ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగమైన కెర్నల్‌ని మామూలు ప్రోగ్రాములా నడిపే యూజర్ మోడ్ లైనక్స్. కింద స్క్రీన్‌షాట్ ఒకటి పెట్టింది. అందులో ఏడెనిమిది లైన్లే ఉన్నాయి. లేవబోతూ ఆ లైనక్స్ ముందుగా, ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని ఆపి చూసే పీట్రేస్ పనిచేస్తోందా అని చూసుకుంది, ఓకే. టెంపరరీ డైరెక్టరీ ఏదైనా చెప్పారా అని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ వెతికింది, ఏమీ లేదు. /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్ డైరెక్టరీ టెంప్‌ఎఫ్‌ఎస్ (ర్యామ్‌లోనే ఉండే ఫైల్‌సిస్టమ్) మీద ఉందా, ఉంది. అక్కడి ఫైల్ని కోడ్‌గా నడిపే అనుమతితో మెమరీలోకి తెచ్చుకోవడం, అంటే ఎగ్జిక్యూట్ పర్మిషన్‌తో ఎమ్‌మ్యాప్, కుదురుతుందా? "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్." అక్కడితో ఆగిపోయింది.

అదే ప్యాకేజీ నా మెషీన్‌లో మూడు వారాలుగా రోజుకి పదిసార్లు బూట్ అవుతోంది. తేడా ఎక్కడుందో నాకు వెంటనే తట్టలేదు. కనుక్కున్నాక మాత్రం, ఈ మూడు వారాల్లో నేను పడ్డ ఇబ్బందులన్నీ ఒకే చోటి నుంచి వచ్చాయని అర్థమైంది. నేను ప్యాకేజీ చేస్తున్నది కెర్నల్. అది మామూలు ప్రోగ్రాము కూడా. కెర్నల్ వస్తే ఏం చేయాలో డెబియన్ (మేం వాడే లైనక్స్ డిస్ట్రిబ్యూషన్) ప్యాకేజింగ్ టూల్స్‌కి తెలుసు, ప్రోగ్రాము వస్తే ఏం చేయాలో కూడా తెలుసు. రెండూ ఒకటే అయినప్పుడు ఏం చేయాలో అడుగడుగునా నేనే తేల్చుకోవాల్సి వచ్చింది. అలా తేల్చుకున్న సంగతులే రాస్తున్నాను.

యూజర్ మోడ్ లైనక్స్, పొట్టిగా యూఎమ్‌ఎల్, చాలామందికి పేరు మాత్రమే తెలిసిన పాత ప్రాజెక్టు. జెఫ్ డైక్ 1999లో మొదలుపెట్టారు. 2002 సెప్టెంబరులో 2.5.35 వెర్షన్‌తో అసలు కెర్నల్ సోర్సులోకే వచ్చేసింది. ఆయన చేసింది వినడానికి వింతగా ఉంటుంది గానీ ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. లైనక్స్‌ని ఒక్కో ప్రాసెసర్ మీదకి పోర్ట్ చేసినట్టే, లైనక్స్‌ని లైనక్స్ మీదకి పోర్ట్ చేశారు. సోర్సులో ఆర్క్ డైరెక్టరీ తెరిస్తే ఎక్స్86, ఆర్మ్ ఉన్న వరుసలోనే యూఎమ్ కూడా ఉంటుంది. దానికి హార్డ్‌వేర్ అంటే బయటి కెర్నల్ ఇచ్చే సిస్టమ్ కాల్సే. డిస్క్ ఒక ఫైలు, ర్యామ్ ఇంకో ఫైలు, టైమర్ ఒక సిగ్నల్. లోపల నడిచే ప్రతి ప్రాసెస్ బయట కూడా నిజమైన ప్రాసెసే. అది సిస్టమ్ కాల్ చేయగానే పీట్రేస్‌తో పట్టుకుని, బయటి కెర్నల్‌కి చేరకుండా ఆపి, లోపలి కెర్నల్‌కి అందిస్తారు. కంపైల్ చేస్తే చివరికి 'లైనక్స్' అనే ఒక ఎగ్జిక్యూటబుల్ వస్తుంది. ఎల్‌ఎస్ కమాండ్ నడిపినంత మామూలుగా, రూట్ (అడ్మిన్) అధికారం లేకుండా, దాన్ని నడుపుకోవచ్చు.

మాకు ఇది ఎందుకంటే, మేం ఒక చిన్న కెర్నల్ మాడ్యూల్, అంటే నడుస్తున్న కెర్నల్‌లోకి చేర్చే కోడ్ ముక్క, రాస్తున్నాం. టెస్టర్లకి ఇచ్చినవి అద్దె వర్చువల్ మెషీన్లు. వాటిలో మళ్లీ వర్చువలైజేషన్ ఆన్ చేయనివ్వరు, లైనక్స్‌లో దానికి వాడే కేవీఎమ్ లేదు, టెస్టర్లకి రూట్ కూడా లేదు. కంటెయినర్లు అందరికీ అలవాటే గానీ, ఎన్ని కంటెయినర్లు తెరిచినా వాటన్నిటి కిందా ఉండే కెర్నల్ ఒక్కటే. మాడ్యూల్ తప్పుచేస్తే మెషీన్ మొత్తం పోతుంది. క్యూఈఎమ్‌యూ అనే ఎమ్యులేటర్‌లో ప్రాసెసర్ని పూర్తిగా సాఫ్ట్‌వేర్‌లో నడిపితే మా టెస్టులకి మరీ నెమ్మది. యూఎమ్‌ఎల్‌లో అయితే కెర్నల్ కుప్పకూలినా బయట చచ్చిపోయేది ఒక ప్రాసెస్ మాత్రమే. కెర్నల్‌ వాళ్లకి కూడా ఇదే అవసరం ఉంది. 2020 జనవరిలో వచ్చిన 5.5తో కెర్నల్‌లో చేరిన కేయూనిట్ టెస్టులు, వేరే ఏమీ చెప్పకపోతే యూఎమ్‌ఎల్ మీదే నడుస్తాయి.

నేను ముందు చేసిందల్లా నా మెషీన్‌లో కంపైల్ చేసి ఆ ఎగ్జిక్యూటబుల్‌ని అందరికీ కాపీ చేసి ఇవ్వడం. రెండు వారాలకే ఎవరి దగ్గర ఏ వెర్షన్ ఉందో, ఏ కాన్ఫిగ్‌తో కట్టిందో ఎవరికీ తెలియని పరిస్థితి వచ్చింది. ఒకరి దగ్గర మాడ్యూల్ లోడ్ అవుతుంది, ఇంకొకరి దగ్గర అవదు. అందుకే డెబియన్ 12కి సరైన ప్యాకేజీగా చేసి, మా సొంత రిపాజిటరీలో పెడదామనుకున్నాను.

మొదటి ప్రశ్న సోర్సు గురించి. కెర్నల్ టార్‌బాల్‌ని నేనే తెచ్చి ప్యాకేజీలో పెట్టుకోవాలా, లేక డెబియన్ ఇచ్చే లైనక్స్ సోర్స్ 6.1 ప్యాకేజీని బిల్డ్ డిపెండెన్సీగా పెట్టుకుని, బిల్డ్ సమయంలో దాన్నుంచి విప్పుకోవాలా? రెండోదే ఎంచుకున్నాను. సెక్యూరిటీ టీమ్ కెర్నల్‌లో ఒక లోపాన్ని సరిచేస్తే, నేను రీబిల్డ్ చేస్తే చాలు, అది నాకూ వచ్చేస్తుంది. నా ప్యాకేజీలో ఉండేది కాన్ఫిగ్ ఫైలు, రెండు ప్యాచ్‌లు, బిల్డ్ ఎలా చేయాలో చెప్పే రూల్స్ ఫైలు, అంతే.

అయితే ఒక మెలిక ఉంది. ఇలా కడితే నా సోర్స్ ప్యాకేజీలో కెర్నల్ సోర్సే ఉండదు. బైనరీ ఏమో మొత్తం కెర్నలే. కెర్నల్ లైసెన్సయిన జీపీఎల్ ప్రకారం ఆ బైనరీ ఇచ్చినవాళ్లం దానికి సరిగ్గా సరిపోయే సోర్సు కూడా ఇవ్వాలి. దీనికోసమే డెబియన్‌లో 'బిల్ట్ యూజింగ్' అనే ఫీల్డు ఉంది. ఏ సోర్స్ ప్యాకేజీ ఏ వెర్షన్‌తో కట్టామో అందులో అచ్చంగా రాయాలి. డెబియన్ ఆర్కైవ్‌లో అయితే ఆ ఫీల్డు చూసి, ఆ సోర్స్ వెర్షన్‌ని చెరిపేయకుండా ఉంచుతారు. మా చిన్న రిపాజిటరీలో ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ లేదు కాబట్టి, బిల్డ్ అయిన ప్రతిసారీ అప్పటి సోర్స్ ప్యాకేజీని పక్కన దాచే స్క్రిప్టు ఒకటి రాశాను. ఇది లైసెన్సు కోసం చేసే తంతులా కొట్టిపారేయొద్దని నా మనవి. ఆరు నెలల తర్వాత ఒక క్రాష్ లాగ్ పట్టుకుని ఎవరో వస్తే, ఆ లైన్ నంబరు ఏ ఫైల్లోదో చెప్పగలిగేది ఆ దాచిన సోర్సే.

తర్వాత బిల్డ్. యూఎమ్‌ఎల్ కట్టేటప్పుడు మేక్ కమాండ్‌కి ఆర్క్=యూఎమ్ అని చెప్పాలి. ఒకసారి చెప్తే గుర్తుపెట్టుకోదు, పిలిచిన ప్రతిసారీ చెప్పాలి. నేను కాన్ఫిగ్‌కి చెప్పాను, కెర్నల్ కంపైల్‌కి చెప్పాను, మాడ్యూల్స్ కంపైల్ చేసే లైన్లో మర్చిపోయాను. అప్పుడు మేక్ ఇది ఎక్స్86 బిల్డు అనుకుంది. అప్పటిదాకా ఉన్న కాన్ఫిగ్ ఎక్స్86కి సరిపోదు కాబట్టి కొత్త ఆప్షన్లకి జవాబులు అడగబోయింది. బిల్డ్ సర్వర్‌లో జవాబు చెప్పే మనిషి లేరు, కన్సోల్ లేదు, ఎర్రర్‌తో ఆగింది. ఆ ఎర్రర్‌లో ఆర్కిటెక్చర్ మాటే లేదు, అందుకే ఒక పూట పోయింది. ఇప్పుడు రూల్స్ ఫైల్లో మేక్‌ని నేరుగా ఎక్కడా పిలవను. ఆర్కిటెక్చర్ కలిపిన ఒక వేరియబుల్ పైన పెట్టుకుని, అంతటా దాన్నే వాడుతున్నాను.

హార్డెనింగ్ ఫ్లాగ్స్ (ప్రోగ్రాముని దాడులకి గట్టిపరిచే కంపైలర్ ఆప్షన్లు) దగ్గర అసలు ఇబ్బంది వచ్చింది. డెబియన్‌లో మామూలు ప్రోగ్రాములన్నీ పొజిషన్ ఇండిపెండెంట్‌గా, అంటే మెమరీలో ఎక్కడ పెట్టినా నడిచేలా కడతారు. డెబియన్ 9 నుంచి అందులోని కంపైలర్ జీసీసీ అడగకుండానే అలా కడుతుంది. కెర్నల్ మాత్రం తన ఫ్లాగ్స్ తానే పెట్టుకుంటుంది, బయటివాళ్లు ఇచ్చినవి దానికి అక్కర్లేదు. యూఎమ్‌ఎల్ ఈ రెండిటి మధ్యలో ఉంది. ఫైళ్లన్నీ కెర్నల్ పద్ధతిలో కంపైల్ అవుతాయి. చివరి లింకింగ్ దశలో మాత్రం, మిగతా ఆర్కిటెక్చర్లు లింకర్‌ని నేరుగా పిలిస్తే, యూఎమ్‌ఎల్ జీసీసీ ద్వారా పిలుస్తుంది. ఎందుకంటే దానికి సీ లైబ్రరీ కావాలి, ప్రోగ్రాము కదా. పైగా మెమరీలో ఏది ఎక్కడుండాలో చెప్పే సొంత లింకర్ స్క్రిప్టు కూడా ఉంటుంది, కెర్నల్ కదా. ప్యాకేజింగ్ టూల్స్ ఎగుమతి చేసిన ఫ్లాగ్స్ అలాగే వదిలేస్తే ఈ రెండూ కొట్టుకుంటాయి. వాటిని తీసేసి కెర్నల్ ఏం చెప్తే అదే చేయనిచ్చాను.

దాంతో ప్యాకేజీల్లో తప్పులు వెతికే లింటియన్ హెచ్చరిక ఇచ్చింది, ఈ ప్రోగ్రాము పొజిషన్ ఇండిపెండెంట్ కాదని. నిజమే, కాదు. ఇలాంటి హెచ్చరికని ఓవర్‌రైడ్ చేయడం ఒక్క లైను పని. కానీ ఆ లైను పైన కారణం రాయకుండా చేసిన ఓవర్‌రైడ్‌ని నేను ఒప్పుకోను, నా ప్యాకేజీలోనైనా సరే, ఇంకొకరి ప్యాకేజీ రివ్యూ చేసేటప్పుడైనా సరే. నాలుగు లైన్ల కామెంట్ రాశాను: లింకర్ స్క్రిప్టు అడ్రస్‌లని స్థిరంగా పెడుతుందని, ఇది మర్చిపోయి వదిలేసింది కాదని. ఆ తర్వాత ఈ ఫైలు చూసేవాళ్లు మళ్లీ అదే తవ్వుకోకూడదు.

సీ లైబ్రరీని ప్రోగ్రాములోనే కలిపేసి స్టాటిక్‌గా లింక్ చేయాలా, నడిచేటప్పుడు తెచ్చుకునేలా డైనమిక్‌గానా అన్నది త్వరగానే తేలింది. స్టాటిక్ అయితే ఎక్కడికి కాపీ చేసినా నడుస్తుంది, అది ఆకర్షణే. కానీ సీ లైబ్రరీలో లోపం దొరికితే నేను మళ్లీ కట్టేదాకా పాత లోపంతోనే ఉంటుంది. పైగా వీడీఈ లాంటి కొన్ని నెట్‌వర్క్ ఆప్షన్లు ఆన్ చేస్తే స్టాటిక్ కుదరదని కెర్నల్ కాన్ఫిగరేషనే ఆపేస్తుంది. ప్యాకేజీ అంటూ చేస్తున్నప్పుడు డిపెండెన్సీలు చూసుకునే ఏర్పాటు ఉండనే ఉంది, దాన్ని వాడుకోవడమే మంచిది.

ఇక మాడ్యూల్స్. మామూలు కెర్నల్ ప్యాకేజీ తన మాడ్యూల్స్‌ని /లిబ్/మాడ్యూల్స్ కింద పెడుతుంది. నా కెర్నల్ బూట్ అయ్యేది ఈ మెషీన్ మీద కాదు, దీనిలోపల. ఆ మాడ్యూల్స్‌ని బయటి మెషీన్ /లిబ్/మాడ్యూల్స్‌లో పెడితే, బయటి కెర్నల్స్‌ని చూసుకునే టూల్స్ దీన్ని కూడా తమదే అనుకుంటాయి. అందుకే /యూఎస్‌ఆర్/లిబ్/యూఎమ్‌ఎల్/మాడ్యూల్స్‌లో పెట్టాను, డెబియన్‌లో ఉన్న యూజర్ మోడ్ లైనక్స్ ప్యాకేజీ కూడా అదే దారి చూపించింది. లోపల ఉన్నవాళ్లు హోస్ట్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌తో బయటి డైరెక్టరీని లోపల /లిబ్/మాడ్యూల్స్‌గా మౌంట్ చేసుకుంటారు. ఒక్క మౌంట్ కమాండ్, పని అయిపోయింది. ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయితే లోపలి మాడ్యూల్స్ కూడా వాటంతటవే అప్‌గ్రేడ్ అవుతాయి. ఎవరి రూట్ ఫైల్‌సిస్టమ్‌లోనూ ఏదీ కాపీ చేయక్కర్లేదు. ఈ ప్యాకేజీలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

మొదటిసారి అవి లోడ్ కాలేదు. లోపల మాడ్యూల్ లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ కమాండ్ ఇస్తే ఎర్రర్. కెర్నల్ లాగ్ (డీమెసేజ్) చూస్తే, మాడ్యూల్ పేరు పక్కన సింబల్స్ లేవు అని, ఆ పక్కనే ఒక ప్రశ్న: "స్ట్రిప్డ్?" అవును, నేనే స్ట్రిప్ చేశాను, అంటే సింబల్ టేబుల్ (ఫంక్షన్ల పేర్లు, అడ్రస్‌ల పట్టిక) తీసేశాను. ఎగ్జిక్యూటబుల్ సైజు తగ్గించడానికి రూల్స్‌లో రాసిన స్ట్రిప్ లైనుని అదే డైరెక్టరీలో ఉన్న మాడ్యూల్స్ మీద కూడా నడిపాను. ప్రోగ్రాముకి సింబల్ టేబుల్ తీసేసినా నడుస్తుంది. మాడ్యూల్ సంగతి వేరు. అది సగం లింక్ అయిన ఫైలు, లోడ్ అయ్యేటప్పుడు కెర్నల్ దాన్ని మిగతా సగం లింక్ చేయాలి, ఆ పనికి సింబల్ టేబుల్ కావాలి. డీబగ్ సమాచారం మాత్రమే తీసేసే ఆప్షన్ వేరే ఉంది, మాడ్యూల్స్‌కి దాన్నే వాడాలి. ఈ తప్పు చేసేవాళ్లు ఉంటారని ముందే ఊహించి, ఆ మెసేజ్‌లోనే కారణాన్ని ప్రశ్నగా రాసిపెట్టినవాళ్లకి చేతులెత్తి దండం పెడుతున్నాను. నాకు రెండు నిమిషాల్లో దొరికింది.

తీసేసిన డీబగ్ సింబల్స్‌ని పారేయలేదు. విడిగా డీబగ్ సింబల్స్ ప్యాకేజీగా వెళ్తున్నాయి. యూఎమ్‌ఎల్ వాడేవాళ్లకి అది విలాసం కాదు, ఎందుకంటే నడుస్తున్న కెర్నల్‌ని డీబగ్గర్ జీడీబీలో మామూలు ప్రోగ్రాములా తెరిచి బ్రేక్‌పాయింట్ పెట్టే సుఖం ఇంకెక్కడా లేదు. రీడ్‌మీలో ఒక్క విషయం తప్పకుండా రాశాను: జీడీబీకి సెగ్మెంటేషన్ ఫాల్ట్ సిగ్నల్ వచ్చినప్పుడు ఆగొద్దని ముందే చెప్పాలి. మామూలు ప్రోగ్రాముకి అది చావు వార్త. యూఎమ్‌ఎల్‌లో లోపలి కెర్నల్‌కి పేజ్ ఫాల్ట్ అందేదే ఆ సిగ్నల్ రూపంలో. చెప్పకపోతే అడుగడుక్కీ ఆగుతుంది, చూసేవాళ్లు ప్యాకేజీ పాడైందనుకుంటారు.

నెట్‌వర్క్ దగ్గర ఒక నిర్ణయం కొంచెం కఠినంగా తీసుకున్నాను. పాత యూఎమ్‌ఎల్ యుటిలిటీస్‌లో యూఎమ్‌ఎల్ నెట్ అనే సహాయక ప్రోగ్రాము ఉండేది. మామూలు యూజరు తరఫున నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ తయారుచేసిపెట్టడానికి అది రూట్ అధికారంతో, సెట్‌యూఐడీగా నడిచేది. రూట్ అక్కర్లేదన్న ఒక్క కారణంతో తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్‌తో పాటు సెట్‌యూఐడీ ప్రోగ్రాము కూడా పంపడం నాకు ఇష్టం లేదు. అది లేకుండానే ప్యాకేజీ చేశాను. నెట్‌వర్క్ కావాలన్నవాళ్లకి అడ్మిన్ ఒకసారి వాళ్ల పేరు మీద ట్యాప్ అనే వర్చువల్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ తయారుచేసి ఇస్తారు, యూఎమ్‌ఎల్ కొత్త నెట్‌వర్క్ డ్రైవర్ వెక్టర్‌తో దానికి కలుపుకుంటారు. టెస్టర్లలో ఎక్కువమందికి నెట్‌వర్కే అక్కర్లేదు.

రూట్ ఫైల్‌సిస్టమ్ ఇమేజ్‌ని కూడా ప్యాకేజీలో పెట్టలేదు. ఎమ్ఎమ్‌డెబ్‌స్ట్రాప్ అనే టూల్‌తో రూట్ అధికారం లేకుండానే ఎక్స్‌ట్2 ఇమేజ్ చేసుకోవచ్చు, ఆ కమాండు రీడ్‌మీలో ఉంది. ఇమేజ్‌ల గురించి ఒక హెచ్చరిక మాత్రం చెప్పి తీరాలి. ఒకే మూల ఇమేజ్‌ని పదిమంది వాడుకోవడానికి కాపీ ఆన్ రైట్ ఉంది: మూల ఇమేజ్ ముట్టుకోకుండా, ఎవరి మార్పులు వాళ్ల చిన్న ఫైల్లో పడతాయి. ఆ చిన్న ఫైలు హెడర్‌లో మూల ఇమేజ్ పేరు, సైజు, చివరిగా మారిన సమయం (ఎమ్‌టైమ్) రాసి ఉంటాయి. నేను ఒకరోజు మూల ఇమేజ్‌ని కొత్త డిస్క్ మీదకి కాపీ చేసి, పాతదాని స్థానంలో పెట్టాను. లోపల ఒక్క బైటు కూడా మారలేదు. సమయం మారింది. పదిమంది ఫైళ్లూ తెరుచుకోలేదు, ఎమ్‌టైమ్ సరిపోవట్లేదని. యూఎమ్‌ఎల్ చేసింది సరైన పనే, నిజంగా మూలం మారి ఉంటే పైన పేర్చిన మార్పులు ఫైల్‌సిస్టమ్‌ని నాశనం చేసేవి. కాపీ చేసేటప్పుడు సమయాలు కాపాడే ఆప్షన్ ఇవ్వాల్సింది నేను. పాత డిస్క్ ఇంకా ఉంది కాబట్టి, అసలు సమయం చూసి టచ్ కమాండ్‌తో తిరిగి పెట్టాక అందరివీ తెరుచుకున్నాయి.

ఇప్పుడు ఆ అమ్మాయి స్క్రీన్‌షాట్ దగ్గరికి వస్తాను.

లోపలి కెర్నల్‌కి ర్యామ్ ఒక ఫైలు అన్నాను కదా. మొదలవగానే /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్‌లో ఆ ఫైలు తెరిచి, వెంటనే దాని పేరు చెరిపేస్తుంది. ఆ తర్వాత ఎల్‌ఎస్ చేస్తే కనపడదు, స్థలం మాత్రం తీసుకుంటూనే ఉంటుంది. లోపల మనం ఏ ప్రోగ్రాము నడిపినా దాని కోడ్ పేజీలు ఆ ఫైల్లోనే ఉంటాయి. వాటిని ఆ ప్రాసెస్‌లోకి ఎగ్జిక్యూట్ పర్మిషన్‌తో మ్యాప్ చేస్తేనే ప్రాసెసర్ నడపగలదు. ఇదీ అసలు సంగతి. ఆమె మెషీన్‌లో అడ్మిన్ భద్రత కోసం /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్‌ని నోఎగ్జెక్‌గా, అంటే అక్కడి ఫైళ్లేవీ నడపనివ్వకుండా, మౌంట్ చేశారు. సర్వర్లని గట్టిపరిచేటప్పుడు చాలామంది చేసే పనే అది. నోఎగ్జెక్ చోట ఉన్న ఫైల్ని అలా మ్యాప్ చేయడానికి బయటి కెర్నల్ ఒప్పుకోదు. నా మెషీన్‌లో నోఎగ్జెక్ లేదు, బిల్డ్ సర్వర్‌లో లేదు, అందుకే నాకు ఎప్పుడూ కనపడలేదు.

"మౌంట్ మార్చమని అడ్మిన్‌ గారికి చెప్పనా అక్కా?" అని అడిగింది. వద్దన్నాను. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నడిచే స్క్రిప్టులో రీమౌంట్ చేయడం కూడా నాకు చేతనవుతుంది, అది రూట్‌గానే నడుస్తుంది. కానీ మెషీన్‌ని ఎలా ఉంచాలో ఆ మెషీన్ బాధ్యులు ఆలోచించి తీసుకున్న నిర్ణయాన్ని, ఒక ప్యాకేజీ వచ్చి చప్పుడు చేయకుండా తిప్పేయకూడదు. తప్పు నాది. ఈ ప్రోగ్రాముకి ఏం కావాలో ప్యాకేజీ ఎక్కడా చెప్పలేదు. డిపెండెన్సీల వరుసలో లైబ్రరీల పేర్లు రాయగలను గానీ, ఎగ్జిక్యూట్ చేయనిచ్చే టెంప్‌ఎఫ్‌ఎస్ కావాలి అని రాయడానికి అక్కడ చోటు లేదు. పీట్రేస్ కూడా అంతే. పీట్రేస్‌ని అదుపుచేసే యామా సెట్టింగ్‌ని 3కి పెట్టిన మెషీన్‌లో పీట్రేస్ ఎవరికీ దక్కదు, యూఎమ్‌ఎల్ అక్కడ లేవదు. ప్రాసెసర్ని చూసి ఇది ఈ మెషీన్‌కి సరిపోతుందని ప్యాకేజీ మేనేజర్ చెప్పేస్తుంది. యూఎమ్‌ఎల్‌కి హార్డ్‌వేర్ అంటే బయటి కెర్నల్, దాని సెట్టింగ్‌లు. వాటిని చూసేవాళ్లు ఎవరూ లేరు.

అందుకని చిన్న ర్యాపర్ స్క్రిప్టు రాశాను. యూజర్లు పిలిచేది దాన్నే. ఫైండ్‌మౌంట్‌తో /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్ ఆప్షన్లు చూస్తుంది. నోఎగ్జెక్ ఉంటే, టెంప్‌డిర్ వేరియబుల్‌ని /వార్/టెంప్‌కి పెట్టి, ర్యామ్ ఫైలు డిస్క్ మీద ఉంది కాబట్టి నెమ్మదిగా ఉంటుందని ఒక లైను చెప్పి నడుపుతుంది. ముందు /రన్/యూజర్ కింద ఉండే ఎవరిది వాళ్ల డైరెక్టరీ వాడదామనుకున్నాను, అదీ టెంప్‌ఎఫ్‌ఎస్సే, మామూలుగా నోఎగ్జెక్ ఉండదు. కానీ మెషీన్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ మామూలుగా దానికి ఇచ్చేది మెషీన్ ర్యామ్‌లో 10 శాతమే, రెండు యూఎమ్‌ఎల్‌లు తెరిస్తే నిండిపోతుంది. నిండిన టెంప్‌ఎఫ్‌ఎస్ మీద ర్యామ్ ఉన్న కెర్నల్‌కి ఏ క్షణాన ప్రాణం పోతుందో తెలియదు. నెమ్మదైనా ఫరవాలేదు, మధ్యలో చావకూడదు. పీట్రేస్ సెట్టింగ్ కూడా ర్యాపరే చూసి, కారణం చెప్పి ఆగుతుంది.

ఇంకోసారి ఇలా జరగకుండా ఆటోప్యాకేజీటెస్ట్ (ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీని పరీక్షించే డెబియన్ టెస్టు) కూడా చేర్చాను. విడిగా ఇమేజ్ ఏమీ అక్కర్లేకుండా, బయటి ఫైల్‌సిస్టమ్‌నే హోస్ట్‌ఎఫ్‌ఎస్ ద్వారా రూట్‌గా పెట్టి, మొదట నడిచే ప్రోగ్రాము ఇనిట్ స్థానంలో ఆరు లైన్ల షెల్ స్క్రిప్టు ఇచ్చి బూట్ చేస్తుంది. ఆ స్క్రిప్టు లోపల ఒక మాడ్యూల్ లోడ్ చేసి, ఒక గుర్తు ప్రింట్ చేసి, పవర్ ఆఫ్ చేస్తుంది. బయట ఆ గుర్తు కనపడితే పాస్. ఇదంతా మామూలు యూజరుగానే జరుగుతుంది. ఇలా బూట్ చేసినప్పుడు లోపల రూట్ అయినా, బయటి ఫైళ్ల మీద నడిపిన యూజరుకి ఉన్నంత అధికారమే ఉంటుంది. ఆ టెస్టుని రెండు రకాల మెషీన్లలో నడుపుతున్నాను, ఒకదాంట్లో /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్ నోఎగ్జెక్.

కొత్త వెర్షన్ పెట్టిన రోజు సాయంత్రం ఆ అమ్మాయి మళ్లీ రాసింది. మా మాడ్యూల్ లోడ్ చేస్తే కెర్నల్ ప్యానిక్ అయిందట, పూర్తి స్టాక్ ట్రేస్ వచ్చిందట, మరుక్షణం తన షెల్ ప్రాంప్ట్ తనకి తిరిగొచ్చిందట. బగ్ నిజమే, మా కోడ్‌లోదే, ఒక లాక్ రెండుసార్లు వదులుతున్నాం. "కానీ అక్కా, ఆ తర్వాత నేను టైప్ చేసేది కనపడట్లేదు" అని చివర్లో రాసింది.

అదీ నిజమే. యూఎమ్‌ఎల్ నడుస్తున్నంతసేపూ టెర్మినల్‌ని, టైప్ చేసింది తనంతట తాను తెర మీద చూపించని రా మోడ్‌లో పెట్టుకుంటుంది, సవ్యంగా ఆగితే వెనక్కి తిప్పి ఇస్తుంది, ప్యానిక్ అయి పోతే ఇవ్వలేదు. ఎస్‌టీటీవై సేన్ అని కళ్లు మూసుకుని టైప్ చేసి ఎంటర్ కొట్టమన్నాను, వచ్చేసింది. ర్యాపర్‌లో చివరి లైను ఎగ్జెక్‌తో (షెల్ స్థానంలో ప్రోగ్రామునే పెట్టే కమాండ్) ఉంది కాబట్టి, యూఎమ్‌ఎల్ పోయాక శుభ్రం చేయడానికి షెల్ మిగలట్లేదు. ఆ ఎగ్జెక్ తీసేసి, మొదట్లోనే టెర్మినల్ సెట్టింగ్‌లు దాచి, బయటికొచ్చేటప్పుడు తిరిగి పెట్టే రెండు లైన్లు రాశాను. ఈ రాత్రికి రెండు మెషీన్లలోనూ టెస్టు అయితే, రేపు పొద్దున రిపాజిటరీలో ఉంటుంది.